ద్వారపాలకుని బొంకు

ఉత్తరాన్ని ఆపడం తప్పు కాదు. ఆపి, ఆపలేదని చెప్పడం తప్పు. ఈ రెండు మాటలూ ఒప్పుకునేవారు ఇక ముందుకు చదవనవసరం లేదు. ఒప్పుకోనివారి చేతుల్లోనే మన ఉత్తరాల తాళపుచెవులన్నీ ఉన్నాయి కనుక ఇంత పొడుగున వ్రాయవలసి వస్తున్నది.

నేను మాట్లాడబోయేది ఈ-ఉత్తరాలకు జతచేసి పంపే దస్త్రాలను వడపోసే నియమాల గురించి. వినడానికి ఇది యంత్రాల గదిలో కూర్చునేవారి సొంత వ్యవహారంలా తోస్తుంది. ఆ గదిలో ఎవరో ఒక నియమం వ్రాస్తారు, ఒక వరుస, పది పదిహేను అక్షరాలు. దాని ఫలితం ఎక్కడో తెనాలిలో ఒక పెద్దాయన గుండెలో దిగబడుతుంది. అతిశయోక్తి కాదు, కళ్ళారా చూశాను. పైగా ఆ ఉత్తరం పంపిన పాపం నాదే.

2006లో మాట. మా మాస్టారు తెనాలిలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నవారు. పద్యనాటకం ఆయన ప్రాణం. ఒక స్మారక సంచికకు వ్యాసం కావాలని ఆయన సహాధ్యాయి అడిగారు. ఆ సంచికకు సంపాదకుడు ఆయనే. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. మాస్టారు నాలుగు నెలలు కూర్చుని, తాను చిన్ననాడు చూసిన రంగస్థల నటుల గురించి ముప్పై ఎనిమిది పేజీలు వ్రాశారు. ఎవరు ఏ పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకునేవారో, ఎవరికి ఎక్కడ 'వన్స్‌మోర్' పడేదో, తెర వెనుక ఎవరు ఎవరికి అప్పు పడ్డారో, అన్నీ ఉన్నాయి అందులో. అప్పటికి యూనికోడు తెలుగు అచ్చు పనుల్లోకి రాలేదు. పేజ్‌మేకరులో, ఒక కొనుక్కున్న ఫాంటులో టైపు చేయించాము. ఆ ఫాంటు అవతలివారి దగ్గర లేకపోతే తెరమీద కనిపించేది పిచ్చిగీతలే. కాబట్టి వ్యాసాన్నీ ఫాంటునూ కలిపి జిప్ మూటగా కట్టి పంపాను. ఆ రోజుల్లో తెలుగులో వ్రాసుకునేవారందరూ చేసిన పనే అది.

"వెళ్ళిందా నాయనా?" అన్నారు మాస్టారు నా భుజం మీదుగా తెరలోకి చూస్తూ.

"వెళ్ళింది మాస్టారూ. అదిగో, పంపినవాటిలో ఉంది చూడండి," అన్నాను.

సంచిక వచ్చింది. వ్యాసం లేదు. మాస్టారు అడగలేదు. అడిగే మనిషి కాదు. "వాడికి నచ్చలేదేమో," అని ఒక్కసారి అన్నారు, ఆ తరువాత ఆ సంచిక పేరే ఎత్తలేదు. అవతల సంపాదకుడు కూడా అడగలేదు. మూడుసార్లు కబురు పెట్టినా వ్రాయలేదన్న కోపం ఆయనది. అరవై ఏళ్ళ స్నేహం రెండేళ్ళపాటు మూగబోయింది. చివరికి ఒక పెళ్ళిలో ఎదురుపడ్డారు. "నాలుగు పేజీలు వ్రాయడానికి నీకు చెయ్యి రాలేదుట్రా?" అన్నారు ఆయన. "ముప్పై ఎనిమిది వ్రాసి పంపితే బుట్టలో పడేసిన పెద్దమనిషివి నువ్వు, నన్నంటావా?" అన్నారు ఈయన. పందిట్లో అందరూ తిరిగి చూశారు. నేను వంటల వైపు జారుకున్నాను.

తరువాత ఆ కార్యాలయానికి వెళ్ళి కంప్యూటర్లు చూసుకునే అబ్బాయిని అడిగాను. అతను రెండు నిమిషాల్లో చూపించాడు. జిప్ జతగా ఉన్న ప్రతి ఉత్తరాన్నీ వాళ్ళ సర్వరు తీసుకుని, పంపినవారికి 'సరే, అందింది' అని బదులిచ్చి, పారేస్తున్నది. "మైడూమ్ వచ్చినప్పుడు పెట్టాం సార్, 2004లో. తరువాత ఎవరూ తీయలేదు," అన్నాడు. అతని ముఖంలో దోషభావం లేదు. ఉండవలసిన అవసరమూ తోచలేదు అతనికి. ఈ వ్యాసం ఆ ముఖాన్ని ఉద్దేశించి వ్రాస్తున్నది.

ముందుగా వాళ్ళ పక్షం చెప్పాలి, లేకపోతే అన్యాయం. నాథానియెల్ బోరెన్‌స్టీన్ 1992 మార్చి 11న తన గాయక బృందం ఫోటోనూ వారి పాటనూ ఉత్తరానికి జతచేసి లోకానికి పంపినప్పుడు, ఆ సంచిలో ఏమేమి రాబోతున్నాయో ఊహించి ఉండడు. 1999 మార్చిలో మెలిస్సా వచ్చింది, వర్డ్ దస్త్రంలో దాక్కుని. 2000 మే 4న ప్రేమలేఖ వచ్చింది. మనీలాలో పుట్టిన ఆ పురుగు పంపిన దస్త్రం పేరులో 'టి.ఎక్స్.టి' తరువాత మరొక చుక్కా, 'వి.బి.ఎస్' అన్న తోకా ఉన్నాయి. తనకు తెలిసిన తోకలను విండోస్ దాచిపెట్టేది కనుక, చూసేవారికి అది ఒక సాదా ప్రేమలేఖ. ప్రేమలేఖ వస్తే తెరవనివాడెవడు? 2003 ఆగస్టులో సోబిగ్, 2004 జనవరిలో మైడూమ్. ఆ రోజుల్లో సర్వరు గదిలో నిద్ర లేకుండా గడిపినవారు నాకు తెలుసు. తలుపు మూయకుండా ఉండమని వాళ్ళకు చెప్పే అధికారం నాకు లేదు. తలుపు మూయవలసిందే. తోక 'ఈ.ఎక్స్.ఈ', 'ఎస్.సి.ఆర్', 'పి.ఐ.ఎఫ్' అయిన దస్త్రాన్ని ఉత్తరంలో పంపించుకోవలసిన అవసరం మామూలు మనిషికి లేదు. జీమెయిల్ 2017 ఫిబ్రవరి నుండి జావాస్క్రిప్టు దస్త్రాలను కూడా ఆపేసింది, నాకు ఫిర్యాదు లేదు. ఆపిన సంగతి నా ముఖాననే చెప్తుంది కాబట్టి లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పోస్ట్‌ఫిక్స్ అనే ఉత్తరాల సర్వరు ఉన్నది. ఉచితం, గట్టిది, ఎన్నో కళాశాలలూ చిన్న సంస్థలూ వాడుకునేది. జతల పేర్లను పరీక్షించే నియమాలు అందులో ఒక చిన్న పాఠ్య దస్త్రంలో వ్రాసుకుంటారు. వరుస మొదట ఏ పేరును పట్టుకోవాలో, చివర ఏమి చేయాలో. ఆ చివరి మాటే ప్రాణం. 'రిజెక్ట్' అని వ్రాస్తే సర్వరు ఆ ఉత్తరాన్ని గుమ్మంలోనే తిప్పి పంపుతుంది. 'హోల్డ్' అని వ్రాస్తే ఒక పక్కన నిలిపి, మనిషి వచ్చి చూసేదాకా ఉంచుతుంది. 'డిస్కార్డ్' అని వ్రాస్తే, చేరినట్లు నమ్మబలికి చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. ఆ మాటకు అర్థం అదేనని ఆ సాఫ్ట్‌వేరు వివరణ పుస్తకమే దాపరికం లేకుండా చెప్తుంది. మూడు మాటలూ టైపు చేయడానికి పట్టే కాలం ఒకటే. మా మాస్టారి రెండేళ్ళ మౌనానికి కారణం ఆ మూడింటిలో మూడవది ఎంచుకోవడం.

ఇది మర్యాదకు సంబంధించిన మాట మాత్రమే అని కొట్టిపారేయవద్దు. ఉత్తరాల రవాణాకు ఒక ఒడంబడిక ఉన్నది. 1982లో జాన్ పోస్టెల్ వ్రాసిన పద్ధతికి నేటి రూపం 2008 అక్టోబరు నాటి 5321వ ఆర్.ఎఫ్.సి. అవతలి సర్వరు ఉత్తరమంతా చదివి వినిపించి, చివర ఒక చుక్క పెట్టి ఆగుతుంది. ఇవతలి సర్వరు '250' అన్నదంటే ఆ ఉత్తరాన్ని చేర్చే పూచీ, చేర్చలేకపోతే పంపినవారికి తెలియజేసే పూచీ తన నెత్తిన వేసుకున్నట్లే. మోసమని చాలా గట్టి నమ్మకం ఉన్నప్పుడు తప్ప చప్పుడు లేకుండా పారేయడం తలపెట్టవద్దని కూడా ఆ పత్రమే హెచ్చరిస్తుంది. 'జిప్ కనుక మోసం' అనేది గట్టి నమ్మకమా? అది నమ్మకం కాదు, బద్ధకం.

పాత తపాలా శాఖను ఎంతైనా తిట్టుకున్నాము, కానీ ఈ ఒక్క విషయంలో దానికి దణ్ణం పెట్టాలి. చిరునామాదారు లేకపోతే పోస్ట్‌మ్యాను కవరు మీద ఒక ముక్క వ్రాసి వెనక్కి పంపేవాడు. ఎవరికి తిప్పి పంపాలో తెలియని ఉత్తరాల కోసం ప్రత్యేకంగా ఒక కార్యాలయమే పెట్టారు. తెరచి, లోపల చిరునామా వెతికి, పంపినవారికి చేర్చడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టారు. ఒక్క పోస్ట్‌మ్యాను ఉత్తరాన్ని కాలవలో పారేసి 'ఇచ్చేశాను' అంటే ఉద్యోగం ఊడేది. మన సర్వరు ఆ పని రోజుకు ఎన్నిసార్లు చేస్తున్నదో లెక్క పెట్టినవారు లేరు.

దీనికి వచ్చే సమాధానాలు నాకు తెలుసు. మొదటిది కొంత బరువైనదే. సోబిగ్ నాటి పురుగులు పంపినవారి పేరు దొంగిలించి పంపేవి. దానితో ఎన్నో సర్వరులు 'మీరు వైరస్ పంపారు' అని ఏ పాపమూ ఎరుగని వారికి కుప్పలుతెప్పలుగా ఉత్తరాలు తిప్పికొట్టాయి. ఆ చీవాట్లు తిన్న తరువాతే చాలామంది ఈ మౌనవ్రతం పట్టారు. ఇది నిజం. కానీ వాళ్ళు చేసిన పొరపాటు ఏమిటి? ముందు 'సరే' అని తీసుకుని, తరువాత తీరిగ్గా లోపల పరీక్షించి, అప్పుడు కవరు మీది పేరుకు కొత్తగా ఉత్తరం వ్రాయడం. అలా కాక, ఆ చివరి చుక్కకు బదులు చెప్పకముందే పరీక్ష ముగించి, గుమ్మంలోనే 'కుదరదు, కారణం ఇది' అంటే గొడవ తీరిపోతుంది. అవతల ఉన్నది నిజమైన సర్వరు అయితే తన వాడుకరికి తానే చెప్పుకుంటుంది. పురుగే స్వయంగా మాట్లాడుతుంటే ఆ మాట గాలిలో కలుస్తుంది, పేరు పోగొట్టుకున్న అమాయకునికి ఏమీ చేరదు. పరీక్షకు సమయం చాలదంటారా? ఆ చివరి బదులు కోసం పంపే సర్వరు పది నిమిషాలు వేచి ఉండాలని ఆ పత్రంలోనే వ్రాసి ఉన్నది. పది నిమిషాల్లో ఒక మూట విప్పి చూడలేని యంత్రాన్ని గుమ్మంలో ఎందుకు నిలబెట్టారు?

రెండవ సమాధానం: కారణం చెప్తే దొంగ నేర్చుకుంటాడని. దొంగకు మీ పాఠం అక్కరలేదండీ. మీరు కొన్న వడపోత యంత్రాన్నే అతనూ కొనుక్కుని ఇంట్లో సాధన చేసుకుంటాడు. 2004లో జిప్‌లను విప్పి చూడడం మొదలుపెట్టగానే బేగిల్ అనే పురుగు మూటకు సంకేతపదం వేసి, ఆ పదాన్ని ఉత్తరంలోనే వ్రాసి పంపింది. వడపోతలు ఆ పదాన్ని చదవడం నేర్చుకుంటే, దాన్ని బొమ్మగా గీసి పంపింది. 2022లో మైక్రోసాఫ్ట్ బయటినుండి వచ్చిన ఆఫీసు దస్త్రాలలోని మాక్రోలను ఆపేస్తే, దొంగలు డిస్కు ప్రతిబింబాలకు మారారు, ఆ తరువాత 2023 మొదట్లో వన్‌నోట్ దస్త్రాలకు మారారు. ఎవరు నేర్పారు వాళ్ళకు? మీ మౌనం వల్ల ఏమీ నేర్చుకోలేకపోయినవాడు మా మాస్టారు ఒక్కడే.

మూడవ సమాధానం అసలైనది, ఎవరూ పైకి అనరు. తిప్పి పంపితే ఫోన్లు వస్తాయి. పారేస్తే రావు. పోయిందని తెలియనివాడు ఫిర్యాదు చేయడు గదా. అందుకే ఏడాది చివర నివేదికలో 'ఇన్ని వేల ప్రమాదకర జతలు నిరోధించబడినవి' అని గర్వంగా కనిపిస్తుంది. ఆ వేలలో మాస్టారి వ్యాసం కూడా ఒకటి, ప్రమాదకర జతగా.

ఇక ఆపవలసినవాటిని ఎలా గుర్తిస్తున్నారన్నది చూస్తే, ఇంకా నవ్వు వస్తుంది. పేరు చూసి. వైకుంఠంలో జయవిజయులు చేసిన పనే. ఐదేళ్ళ పిల్లల్లా కనిపించారని సనకసనందనాదులను బెత్తం అడ్డుపెట్టి ఆపారు. శాపం తిన్నారు. (ఒక మాట జయవిజయుల పక్షాన చెప్పాలి. వాళ్ళు ముఖాముఖి ఆపారు. 'లోపలికి దయచేయండి స్వామీ' అని తీసుకువెళ్ళి వెనుక దొడ్డి బావిలో తోయలేదు.)

పేరు వేషం మాత్రమే. అసలు స్వరూపం దస్త్రం మొదటి అక్షరాలలో ఉంటుంది. విండోస్ కార్యక్రమం ఏదైనా 'ఎం.జెడ్' అనే రెండక్షరాలతో మొదలవుతుంది. ఆ రూపకల్పన చేసిన మార్క్ జ్బికోవ్‌స్కీ పొడి అక్షరాలవి. జిప్ మూట 'పి.కె'తో మొదలవుతుంది, అది ఫిల్ కాట్జ్ గుర్తు. పేరు మార్చుకున్నా ఈ పుట్టుమచ్చలు మారవు. కాబట్టి పేరుతో పాటు పుట్టుమచ్చ చూడాలి. అక్కడితో కూడా ఆగకూడదు, ఎందుకంటే 2007 నుండి వస్తున్న వర్డ్ దస్త్రం కూడా లోలోపల జిప్ మూటే. ఈ-పుస్తకాల ఈపబ్ కూడా అంతే. పుట్టుమచ్చ చూసి 'పి.కె' కనబడగానే పారేస్తే సగం కార్యాలయం నోరు మూతబడుతుంది. మూట విప్పి, లోపలి జాబితా చదివి, అందులో నడిచే కార్యక్రమం ఉంటేనే ఆపాలి. ఈ పని చేసే ఉచిత సాధనాలు క్లామ్‌ఏవీ, అమావిస్ లాంటివి ఏళ్ళ తరబడి ఉన్నాయి. డబ్బు లేదనే మాట ఇక్కడ చెల్లదు.

పేరు మీద ఆధారపడే నియమం మన భాషకు చేసే అపకారం వేరే ఉన్నది. దాని గురించి ఎవరూ వ్రాయగా నేను చూడలేదు. దస్త్రానికి 'ఆత్మకథ' అని తెలుగులో పేరు పెట్టండి. యూనికోడులో అది ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో పద్దెనిమిది బైట్లు. ఉత్తరం తలకట్టులోకి ఎక్కేటప్పుడు శాతం గుర్తులతో వ్రాస్తే యాభైనాలుగు అక్షరాల తోరణమవుతుంది. 1997 నాటి 2231వ ఆర్.ఎఫ్.సి ఆ తోరణాన్ని ముక్కలుగా కోసి పంపే పద్ధతి కూడా చెప్పింది. కొన్ని ఉత్తరాల సాధనాలు ఆ పద్ధతిని పక్కనపెట్టి, పేరునంతా మరొక సంకేతలిపిలో చుట్టి పంపుతాయి, అప్పుడు తోక కూడా ఆ చుట్టలోనే కలిసిపోతుంది. ఇంగ్లీషు పేరు, చుక్క, తోక అనే వరుసను మాత్రమే చూడడం తెలిసిన నియమం దీన్ని చూసి తికమకపడుతుంది. తికమకపడ్డ కావలివాడు చేసే పని ఏమిటి? 'అర్థం కాలేదు, కాబట్టి దుష్టుడు.' తెలుగులో పేరు పెట్టడమే నేరమయింది. అందుకే మనవాళ్ళు తెలుగు వ్యాసానికి కూడా 'న్యూ డాక్యుమెంట్ ఒకటి' అని ఇంగ్లీషు పేరు పెట్టి పంపుకుంటారు.

ఇంకొక సూక్ష్మం ఉన్నది. యూనికోడులో 202ఇ అనే స్థానంలో ఒక అదృశ్యాక్షరం ఉన్నది. తన తరువాతి అక్షరాలను కుడినుండి ఎడమకు తిప్పి చూపిస్తుంది. దాన్ని పేరు మధ్యలో పెట్టి, కార్యక్రమపు తోకను ఫోటో తోకలా కనిపించేట్లు చేసే మోసం ఉన్నది. (ఇంగ్లీషులో దాని పొడిపేరు ఆర్.ఎల్.ఓ. తిరిగివచ్చిన ఉత్తరాలను చూసే తపాలా కార్యాలయం పొడిపేరు కూడా అదే.) ఈ మోసాన్ని ఆపాలి, సందేహం లేదు. కానీ కొందరు మహానుభావులు ఒక్క దెబ్బకు అదృశ్యాక్షరాలన్నిటినీ నిషేధిస్తున్నారు. ఆ జాతిలోనే 200సి అనే మరొక అక్షరం ఉన్నది. మనం 'సాఫ్ట్‌వేర్' అని వ్రాసినప్పుడు 'ట'కింద 'వ' ఒత్తు పడకుండా, పొల్లు పొల్లుగా నిలబెట్టేది అదే. తెలుగువానికి అది మోసం కాదు, వర్ణక్రమం. 202ఎ నుండి 202ఇ దాకా, 2066 నుండి 2069 దాకా ఆపుకోండి. 200సి జోలికి రాకండి.

సంకేతపదం వేసిన మూటల మాట త్వరగా చెప్పి వదిలేస్తాను. లోపల చూడలేము కనుక అన్నిటినీ ఆపమంటారు కొందరు. మన బ్యాంకులు ఖాతా వివరాలను పుట్టినతేదీ తాళం వేసిన పీడీఎఫ్‌లుగా పంపుతున్నాయి, వాటినీ ఆపుతారా? జపానులో మూట ఒక ఉత్తరంలో, సంకేతపదం మరుసటి ఉత్తరంలో పంపడం ఒక ఆచారంగా స్థిరపడింది. అందువల్ల భద్రత పెరగదనీ, వడపోతకు కళ్ళు కట్టినట్లవుతుందనీ విమర్శలు పెరిగాక, 2020 నవంబరులో వాళ్ళ ప్రభుత్వం తన మంత్రిమండలి కార్యాలయంలో దాన్ని మానేసింది. తాళం వేసినవాటికి సరైన చోటు 'హోల్డ్' గది. ఆ గదికి రోజూ ఒక మనిషి వెళ్ళాలి. ఎవరికి వచ్చిందో వారికి 'మీకోసం ఒకటి ఆగి ఉంది' అని కబురు వెళ్ళాలి. మనిషిని పెట్టలేనివారు ఆ గది కట్టకూడదు. తాళం వేసి మరచిపోయిన గదికీ కాలవకూ తేడా లేదు.

ఇంతకీ మాస్టారి వ్యాసం ఏమయిందని అడుగుతారు. సంచికకు రెండవ ముద్రణ రాలేదు. మిత్రులిద్దరూ కలిసిపోయారు, కానీ మాస్టారు ఆ తరువాత మళ్ళీ అంత పొడుగు వ్రాయలేదు. ఆ జిప్ మూట నా దగ్గర ఇప్పటికీ ఉన్నది. పేజ్‌మేకరు పోయింది. యూనికోడులోకి మార్చితే పద్యాల దగ్గర ఒత్తులు చెదురుతున్నాయి. ఆయన చేతివ్రాత ప్రతితో సరిచూస్తూ పందొమ్మిదవ పేజీ దాకా వచ్చాను.

ఈ మధ్య ఒక కళాశాల వారు తమ నాటక విభాగానికి అది కావాలన్నారు. అంతవరకూ సరిచేసిన భాగాన్ని 'రంగస్థల జ్ఞాపకాలు - ఫస్ట్‌పార్ట్' అని తెలుగులోనే పేరు పెట్టి పంపాను, కావాలనే, పొల్లుతో సహా. మూడు నిమిషాల్లో తిరిగి వచ్చింది. జత పేరులో నిషిద్ధాక్షరం ఉన్నదని, ఫలానా నంబరుకు ఫోను చేయమని దానిలో ఉన్నది. చేశాను. అవతల ఎత్తిన కుర్రవాడు ఓపికగా విన్నాడు. 200సి సంగతి చెప్తే, "ఒక్క నిమిషం సార్, లైన్లో ఉండండి," అన్నాడు. మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. "ఇప్పుడు మళ్ళీ పంపండి సార్," అన్నాడు.

ఈసారి వెళ్ళింది. అందినట్లు అతనే ఫోను చేసి చెప్పాడు.